భక్తి పెరిగిన చోట నీతి పెరుగుతుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కిందటి సంచికలో ఒక ప్రశ్నకు జవాబిస్తూ, దైవభక్తి లేనివారిలోనూ నీతిమంతులు ఉంటారని ఈ శీర్షికలో ఒక మాట రాశాము. దానిని కొందరు మెచ్చుకున్నారు, అంతకన్నా ఎక్కువ మంది తప్పుపట్టారు. వచ్చిన ఉత్తరాలలో ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగిన నాలుగింటిని ఈసారి తీసుకున్నాము. ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారని ఇద్దరు కోరినందున అందరి పేర్లనూ వదిలిపెట్టి ఊళ్లను మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా చిన్నతనంలో మా ఊళ్లో పోలీసు అన్నవాడు ఎప్పుడో గాని కనిపించేవాడు కాదు. అయినా చాలా ఇళ్లకు తాళాలు ఉండేవి కావు. దానికి కారణం పాపభీతి. ‘పైవాడు చూస్తున్నాడు’ అన్న ఒక్క మాటతో పిల్లలు తప్పు చేయకుండా ఆగేవారు. ఆ భయం పోతే, ఎవరూ చూడని చోట మనిషిని ఆపేది ఏమిటి? మీ మాట పిల్లల చెవిన పడితే ప్రమాదం కాదా? (హనుమకొండ)

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఏది మంచి, ఏది చెడు అన్నది మనిషికి ఎక్కడి నుంచి తెలుస్తుందన్నది ఒకటి. తెలిసిన మంచిని ఎవరూ చూడనప్పుడు కూడా మనిషి ఎందుకు పాటిస్తాడన్నది రెండవది. మిమ్మల్ని బాధపెడుతున్నది రెండవది గనుక దానితోనే మొదలుపెడతాము.

పాపభీతి ఏమీ చేయదని మేము అనము. మన చెరువు కట్టల మీద వెలసిన కట్ట మైసమ్మను తీసుకోండి. కట్టను తవ్వితే, తూము దగ్గర చెడ్డ పని చేస్తే అమ్మ ఊరుకోదన్న భయం ఆ కట్టలకు తరతరాలుగా కొంత రక్షణ ఇచ్చింది. అయితే అదే చెరువు కింద నీళ్ల పంపకాన్ని మన పెద్దలు మైసమ్మ మీద వదిలిపెట్టలేదు. తూము ఎత్తడానికి, దించడానికి నీరటికాడు ఉండేవాడు. ఎవరి మడికి ముందు, ఎవరి మడికి తర్వాత అన్న వంతు ఆయకట్టు రైతులందరికీ తెలిసి ఉండేది. నీరటికానికి పంట చేతికొచ్చినప్పుడు కల్లం దగ్గరే ధాన్యం కొలిచి ఇచ్చేవారు గనుక అతని పని ఎలా ఉందో ఏటా అక్కడే తేలిపోయేది. వంతు తప్పి రాత్రి గండి కొట్టుకున్నవాడు తెల్లవారి అదే గట్టు మీద అందరి ముఖాలూ చూడవలసి వచ్చేది. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా పొలాలకు నీళ్లు ఇస్తున్నాయంటే, మొక్కులతో పాటు ఈ లెక్క, ఈ కాపలా, ఏటేటా ఈ మరమ్మతు సాగినందువల్లనే.

ఇప్పటి సంగతి చూడండి. కట్టల మీద రాయీ పసుపూ మాత్రమే ఉన్న చోట సిమెంటు గుళ్లు లేచాయి, బోనాలు మునుపటికన్నా ఘనంగా సాగుతున్నాయి. అదే కాలంలో ఆ చెరువుల శిఖం (నీరు నిలిచే) భూములు ప్లాట్లుగా మారాయి, వాననీరు పోవలసిన నాలాల మీద ఇళ్లూ దుకాణాలూ వెలిశాయి. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగినప్పుడు, కాలువలు పూడుకుపోవడం, ఆక్రమణకు గురికావడం ఒక ముఖ్య కారణమని అందరూ ఒప్పుకున్నదే. ఆ ఆక్రమణదారులు దేవుడిని నమ్మనివారని మీరు గాని మేము గాని అనగలమా? వారిలో అధికులు ముహూర్తం చూసి ముగ్గు పోసినవారే, గృహప్రవేశం నాడు సత్యనారాయణ వ్రతం చేసుకున్నవారే. భక్తి ఎక్కడికీ పోలేదు. నీరటికాడు పోయాడు, వంతు పోయింది, గట్టు మీద నిలబెట్టి అడిగేవారు పోయారు. ఎవరూ చూడని చోట మనిషిని ఆపేది ఏమిటని మీరు అడిగారు. ఈ ఆక్రమణలు ఎవరూ చూడని చోట జరగలేదు, పట్టపగలు అందరూ చూస్తుండగా, ‘మనకెందుకులే’ అనుకుంటుండగా జరిగాయి.

తాళాలు లేని ఇళ్ల సంగతికి వస్తాము. నాలుగు వందల గడపల ఊళ్లో కొత్త చెంబు ఒక ఇంట్లో కనిపిస్తే అది ఎవరిదో సాయంత్రానికి ఊరంతటికీ తెలిసిపోతుంది. దొంగిలించి అనుభవించడానికి వీలు లేని చోట, అసలు దొంగిలించదగిన సొత్తు కూడా పెద్దగా లేని చోట, తాళం లేకపోవడాన్ని ఒక్క పాపభీతి ఖాతాలోనే వేయడం న్యాయం కాదు. మీరు హనుమకొండలో ఇప్పుడున్న ఇంటికి తాళం వేస్తున్నారంటే పక్కింటివారు మీకన్నా భక్తి తక్కువవారని కాదు గదా. వారెవరో మీకు తెలియదు, మీరెవరో వారికి తెలియదు.

ఇంకొక మాట కొంచెం కటువుగా చెప్పక తప్పదు. ఆ పాత ఊళ్లలో శాంతి ఉండేదన్నది నిజమే కావచ్చు. ఆ శాంతి ఎటువంటిదని కూడా అడగాలి. జనగామ ప్రాంతంలో తాళాలు లేని ఆ ఇళ్ల నుంచే మనుషులను వెట్టికి తోలుకుపోయేవారు. దొరల గడీలలో పూజలు జరిగేవి, గుళ్లకు మాన్యాలు ఉండేవి, పండుగలు తప్పేవి కావు. బాలింతలు సైతం పొలం పనికి పోవలసిన రోజులు కూడా అవే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలి అయినది ఆ వ్యవస్థకు ఎదురు నడిచిన ఊరేగింపులోనే. సంఘం పెట్టి వెట్టిని ఆపించిన నాయకులలో పలువురు దేవుడిని నమ్మని కమ్యూనిస్టులు. వారి వెనుక నడిచిన జనంలో అత్యధికులు ఎల్లమ్మనూ పోచమ్మనూ కొలిచేవారు. వెట్టి చేయించుకోవడం తప్పని తెలుసుకోవడానికి వీరిద్దరికీ ఒకే నమ్మకం అవసరం కాలేదు.

జోగిని ఆచారం మరీ స్పష్టమైన ఉదాహరణ. పసిపిల్లను దేవతకు ఇచ్చి పెళ్లి చేసి, తర్వాత ఊరిలోని మోతుబరుల పాలు చేయడం దైవం పేరు మీదే సాగింది. ఇచ్చిన తల్లిదండ్రులు పాపభీతి లేనివారు కారు. ఇవ్వకపోతే అమ్మవారు ఆగ్రహిస్తుందన్న భయంతోనే ఇచ్చారు. నిజామాబాద్ జిల్లాలో జోగినుల పునరావాసానికి పూనుకున్న హేమలతా లవణం మహాకవి గుర్రం జాషువా కుమార్తె, ప్రసిద్ధ నాస్తికుడు గోరా కోడలు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. అలాగని ఈ దురాచారాన్ని నాస్తికులే ఎదిరించారని రాస్తే అది అబద్ధమవుతుంది. వారికంటే ఎంతో ముందే హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ దళిత కుటుంబాల మధ్య తిరిగి జోగిని ఆచారాన్ని, జంతుబలిని మాన్పించడానికి పాటుపడ్డారు; ఆయన ధర్మం మీద గట్టి నమ్మకం ఉన్నవారు. అంటే నమ్మేవారిలో ఆ పాపాన్ని చేసినవారూ ఉన్నారు, ఎదిరించినవారూ ఉన్నారు. వారిని వేరు చేసిన గీత నమ్మకం కాదు. ఆ ఆడపిల్ల బాధ తమకు కనిపించిందా లేదా అన్నదే.

ఇక మొదటి ప్రశ్న: మంచి ఏదో ఎక్కడి నుంచి తెలుస్తుంది? దీనిని గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన గురువు సోక్రటీసు నోట చాలా సూటిగా అడిగించాడు. ఒక పని మంచిది గనుక దేవతలు దానిని మెచ్చుతున్నారా, దేవతలు మెచ్చారు గనుక అది మంచిదైందా? రెండవదే నిజమైతే దేవతలు రేపు హింసను మెచ్చితే అదీ మంచిదే కావాలి. దానికి ఏ భక్తుడూ ఒప్పుకోడు. మొదటిదే నిజమైతే మంచికి కొలత దేవుడికన్నా వేరుగా ఉన్నట్టే. రెండున్నర వేల ఏళ్లకు దగ్గరవుతున్నా ఈ చిక్కుముడి నుంచి సులువుగా బయటపడ్డవారు లేరు.

అంత దూరం పోనవసరం కూడా లేదు. మీ హనుమకొండలోనే పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి శాసనం ఉంది. కాకతి రెండవ ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ జైన బసది (జైనుల గుడి) కట్టించింది. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద పదవ శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన కంద పద్యాలు తెలుగులో మనకు దొరికిన తొలి కందాలుగా పేరు పొందాయి. అతడు కన్నడ ఆదికవి పంపకవి తమ్ముడు, జైనుడు. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం బయటపడింది. జైనులు గాని బౌద్ధులు గాని లోకాన్ని సృష్టించి, పైనుంచి చూసి, శిక్షించే దేవుడు ఒకడున్నాడని ఒప్పుకోలేదు. అహింస, సత్యం, దొంగతనం చేయకపోవడం అన్న నియమాలను మాత్రం ఎవరికీ తీసిపోకుండా పట్టుకున్నారు. వారికి కర్మ సిద్ధాంతం ఉంది గదా అని మీరు అనవచ్చు, ఉంది, కాదనము. కానీ మీరు అడిగిన ‘పైవాడు చూస్తున్నాడు’ అన్న మాట మాత్రం వారి దగ్గర లేదు. వైదికులలోనే పూర్వమీమాంసకులకు వేదం ప్రమాణం, సృష్టికర్త అవసరం లేదు. కర్మనూ పరలోకాన్నీ కూడా కాదన్న లోకాయతులు అప్పు చేసి నెయ్యి తాగమన్నారని నింద. వారి గురించి మనకు తెలిసినదంతా దాదాపు వారి ప్రత్యర్థులు రాసినదే గనుక ఆ నిందను కొంచెం ఆగి నమ్మడం మంచిది. పాలనకు సంబంధించిన నీతిని సైతం మనవాళ్లు పురాణాలతో కలిపి ఊరుకోలేదు. పెద్దపల్లి జిల్లా రామగిరితో సంబంధం ఉన్న మడికి సింగన పదిహేనవ శతాబ్దంలో రాజనీతి పద్యాలను ఏరి కూర్చి ‘సకలనీతిసమ్మతము’ అని ప్రత్యేకంగా ఒక సంకలనమే చేశాడు; అదే కవి పద్మపురాణాన్నీ తెనిగించాడు. రెండు పనులకూ రెండు గ్రంథాలు కావాలని ఆయనకు తోచింది.

పిల్లల చెవిన పడితే ప్రమాదం కాదా అన్నారు. మా ఉద్దేశంలో ప్రమాదం వేరే చోట ఉంది. దేవుడు చూస్తున్నాడన్న ఒక్క కారణం మీదే అబద్ధం ఆడవద్దని నేర్పిన పిల్లవాడికి, కాలేజీకి పోయాక ఆ నమ్మకం సడలితే, అబద్ధం ఆడకూడదనడానికి ఇంకొక కారణం మిగలదు. నీ అబద్ధం వల్ల ఫలానావాడికి ఈ నష్టం కలిగింది, నిన్ను నమ్మిన నీ స్నేహితుడు రేపు నీ మాట వినడు అని కూడా చెప్పి పెంచితే, వాడు పెద్దయ్యాక గుడికి పోయినా, పోకపోయినా ఆ కారణం వాడి వెంట ఉంటుంది. మీరు తరగతి గదిలో చేసినది బహుశా ఇదే అయి ఉంటుంది. పైవాడి పేరు ఎత్తిన రోజులు మాత్రం మీకు ఎక్కువగా గుర్తున్నాయేమో.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఎవరితోనూ వాదించను, ఇంట్లో పూజ జరిగితే ప్రసాదం కూడా తింటాను. అయినా మా మేనమామ ‘దేవుడిని నమ్మనివాడి మాట ఎట్ల నమ్మాలె’ అంటాడు. కోర్టులో కూడా దేవుడి మీద ప్రమాణం చేయనివాడి సాక్ష్యం చెల్లదని అంటున్నాడు. ఇది నిజమేనా? (పెద్దపల్లి)

జవాబు: కోర్టు సంగతి నిజం కాదు. మన దేశంలో 1969 నాటి ప్రమాణాల చట్టం సాక్షికి రెండు దారులు ఇచ్చింది: దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుడి పేరు లేకుండా సత్యమే చెబుతానని గంభీరంగా ధ్రువీకరించవచ్చు. రెండింటికీ విలువ ఒకటే. ఎటు చెప్పి అబద్ధమాడినా ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. సినిమాలలో చూపించే భగవద్గీత మీద చేయి వేయించడం ఈ చట్టంలో ఎక్కడా లేదు. రాజ్యాంగం మూడవ షెడ్యూలులో మంత్రులకు, చట్టసభల సభ్యులకు, న్యాయమూర్తులకు నిర్ణయించిన ప్రమాణ పాఠాలలోనూ ఇవే రెండు దారులు. ఆ 1969 చట్టంలో మాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. పన్నెండేళ్లలోపు పిల్లవాడు ప్రమాణం అంటే ఏమిటో అర్థం చేసుకోలేకపోయినా, నిజం చెప్పడం తన విధి అని అర్థం చేసుకుంటే చాలునని న్యాయస్థానం భావించినప్పుడు, ప్రమాణం లేకుండానే వాడి సాక్ష్యాన్ని తీసుకోవచ్చు. నిజం చెప్పాలన్న గ్రహింపు, ప్రమాణం మీద గౌరవం అన్నవి రెండు వేర్వేరు సంగతులని చట్టమే ఒప్పుకున్నదన్నమాట.

మీ మేనమామ గారి మాట మాత్రం పాతది, దానికి పెద్ద పెద్దవారి మద్దతు కూడా ఉంది. మత సహనం గురించి 1689లో అంత ఉదారంగా రాసిన ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ సైతం నాస్తికులను మాత్రం సహించనక్కరలేదన్నాడు; వారిని ఏ ప్రమాణమూ కట్టిపడవేయదన్నది ఆయన వాదన. ఈ వాదం ఎంత తలకిందులైందో చార్లెస్ బ్రాడ్లా కథ చెబుతుంది. నాస్తికుడిగా పేరుమోసిన ఆయన 1880లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. దేవుడి పేరు లేకుండా ధ్రువీకరిస్తానంటే సభ ఒప్పుకోలేదు. పోనీ అందరిలాగే ప్రమాణం చేస్తానంటే, నమ్మకం లేనివాడి ప్రమాణం చెల్లదని దానికీ ఒప్పుకోలేదు. ఓటర్లు మళ్లీ మళ్లీ గెలిపించిన తర్వాత 1886లో గాని ఆయనకు సభలో చోటు దక్కలేదు; ధ్రువీకరణ హక్కు చట్టమైంది 1888లో. ఒక్క క్షణం ఆలోచించండి: మొదటి రోజే నమ్మకం ఉన్నట్టు నటించి ప్రమాణం చేసి ఉంటే ఆయనకు ఈ ఇబ్బందే ఉండేది కాదు. అబద్ధమాడనన్నందుకే అబద్ధాలకోరుగా లెక్కకట్టారు. ఆయన 1889లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు కూడా వచ్చాడు.

మన దగ్గర రాజకీయ నాయకులు ఒకరినొకరు ఫలానా గుడికి రమ్మని, తడిబట్టలతో ప్రమాణం చేయమని సవాలు చేసుకోవడం తరచుగా చూస్తుంటాము. ఆ సవాలు విసిరిన తర్వాత ఆరోపణ మీద కాగితాలు, లెక్కలు ఎవరూ అడగరు. చర్చంతా ఎవరు గుడికి వచ్చారు, ఎవరు రాలేదన్న దాని మీదికి పోతుంది. ప్రమాణం అక్కడ నిజాన్ని బయటపెట్టే సాధనంగా కాక, లెక్క అడగకుండా తప్పించుకునే దారిగా పనికివస్తున్నది.

నీతికి దేవుడి మీద నమ్మకం అవసరమా అని 2019లో 34 దేశాలలో ప్యూ పరిశోధన కేంద్రం అడిగింది. అవసరమేనన్నవారు ఇండోనేషియాలో 96 శాతం, స్వీడన్‌లో 9 శాతం. స్వీడన్‌లో జనం ఒకరినొకరు దోచుకుంటూ బతకడం లేదు. అక్కడి హత్యల రేటు ప్రపంచ సగటు కన్నా చాలా తక్కువ. అయితే దీనిని నమ్మకం లేకపోవడం గొప్పతనంగా మీరు మీ మేనమామ గారి మీద ప్రయోగించవద్దు. అక్కడ మంచి బడులు, ఆసుపత్రులు, లంచం లేని కార్యాలయాలు, పని పోయినా ఆదుకునే ప్రభుత్వం ఉన్నాయి. బతుకుకు భరోసా ఉన్నందువల్లనే అక్కడ మొక్కుల అవసరం తగ్గిందని వాదించేవారూ ఉన్నారు. మీ మేనమామ గారితో వాదన కన్నా, తీసుకున్న డబ్బు చెప్పిన రోజుకు తిరిగి ఇవ్వడం ఎక్కువ పనిచేస్తుంది. రెండు మూడేళ్లలో ఆయనే ‘వాడు గుడికి రాడు గాని మాట తప్పడు’ అనవచ్చు. అనకపోయినా మీకు పోయేదేమీ లేదు.

ప్రశ్న: గుళ్లు, దర్గాలు, చర్చిలు చేసే అన్నదానాలు, ఆసుపత్రులు మీకు కనబడవా? మేడారంలో లక్షల మంది ఒక్క చోట చేరి ప్రశాంతంగా మొక్కులు చెల్లించుకుంటారు. దేవుడిని తీసేసిన దేశాలలో జరిగిన ఘోరాల గురించి ఎందుకు రాయరు? (జగిత్యాల)

జవాబు: కనబడతాయి, రాస్తాము కూడా. దేవుడిని తీసేస్తే మనిషి బాగుపడతాడన్నది దేవుడిని పెడితే బాగుపడతాడన్నంత తొందరపాటు మాట. ఎన్వర్ హోజా పాలనలో అల్బేనియా 1967లో మసీదులను, చర్చిలను మూసివేయించి నాస్తిక రాజ్యమని చాటుకున్నది. ఆ దేశపు ప్రజలు తమ పొరుగువారికన్నా నీతిమంతులు కాలేదు, గూఢచారులకు భయపడి ఇంట్లో కూడా గుసగుసగా మాట్లాడుకున్నారు. స్టాలిన్ రష్యా సంగతి అందరికీ తెలిసినదే. అక్కడ పోయినది దేవుడొక్కడే కాదు. పాలకుడిని ప్రశ్నించే పత్రిక, న్యాయస్థానం, సంఘం అన్నీ పోయాయి. ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని అధికారం దేవుడి పేరు మీద నడిచినా, దేవుడు లేడన్న పేరు మీద నడిచినా జనానికి దక్కేది ఒక్కటే.

దానధర్మాల విషయంలో మీ మాటకు మన శాసనాలే సాక్ష్యం. రుద్రమదేవి 1261 నాటి మల్కాపురం శాసనంలో విశ్వేశ్వర శివాచార్యుల మఠానికి ఇచ్చిన గ్రామాల ఆదాయంతో విద్యాలయం, ప్రసూతిశాల, వైద్యశాల, అన్నసత్రం నడపాలని ఉంది. ఆకలితో వచ్చినవారికి కులం చూడకుండా అన్నం పెట్టాలని కూడా ఉంది. ఎనిమిది శతాబ్దాల కిందట ప్రసూతిశాల గురించి ఆలోచించిన ఆ శివభక్తికి ఎవరైనా తల వంచవలసిందే. కానీ ఆ శాసనం చదివేవారు ఇంకొకటి కూడా గమనించాలి. ఆదాయంలో ఏ భాగం దేనికి ఖర్చు కావాలి, ఎంతమంది ఉపాధ్యాయులు, ఎవరికి ఎంత భూమి, కాపలా ఎవరిది అన్నవన్నీ అందులో రాసి ఉన్నాయి. శివుడి మీద అంత నమ్మకం ఉన్నవారు కూడా జమాఖర్చును శివుడికి వదిలిపెట్టకుండా రాతి మీద చెక్కించారు.

నమ్మకం మనిషిని మంచిపని వైపు తోస్తుందా అన్నదాని మీద పరిశోధనలు జరిగాయి. మొరాకోలోని మరాకెష్ బజారులో దుకాణదారులకు పరిశోధకుడు ఇచ్చే సొమ్ములో ఎంత తాము ఉంచుకుంటారో, ఎంత దానం చేస్తారో ఎంచుకునే అవకాశం ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది; అజాన్ (నమాజుకు పిలుపు) వినబడుతున్న సమయంలో అడిగినప్పుడు వారు మరింత ఉదారంగా ఎంచుకున్నారు. అదే బజారు, అదే నమ్మకం, అడిగిన సమయాన్ని బట్టి దాతృత్వం వేరు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో 1973లో ప్రచురితమైన మరొక అధ్యయనం పాస్టర్లు కాబోతున్న విద్యార్థుల మీద జరిగింది. దారిలో పడి ఉన్న గాయపడిన బాటసారిని ఆదుకున్న మంచి సమరయుని కథ బైబిలులో ఉంది. ఆ కథ మీదే ప్రసంగించడానికి వారిలో కొందరిని పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి కూలబడి మూలుగుతూ ఉండేటట్టు ఏర్పాటు చేశారు. సమయం చాలా ఉందని చెప్పి పంపినవారిలో 63 శాతం ఆగి పలకరించారు. ఆలస్యమైపోయిందని తొందరపెట్టి పంపినవారిలో ఆగినవారు 10 శాతం. ఏ కథ మీద మాట్లాడబోతున్నారన్నది గాని, వారి భక్తి ఎటువంటిదన్నది గాని పెద్దగా తేడా చూపలేదు. చేతిలో ఉన్న సమయం చూపింది.

మేడారం విషయంలో మీతో సగం ఏకీభవిస్తాము. విగ్రహం లేకుండా, కోయ పూజారుల చేతుల మీదుగా, చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను గద్దెలకు తెచ్చేదాకా అన్ని లక్షల మంది ఓపికగా ఎదురుచూడటం ఏ ప్రభుత్వ ఉత్తర్వుతోనూ సాధ్యం కాదు. మనుషులను ఒక్కచోట చేర్చి, తాము ఒకే జాతరకు వచ్చినవాళ్లమన్న భావన కలిగించడంలో మతానికి ఉన్న శక్తి అది. బడికీ, పార్టీకీ, సంఘానికీ అది అంత సులువుగా చేతకాదు. కాజీపేట దర్గా ఉర్సుకు హిందువులు పోవడం, మన పల్లెల్లో పీర్ల పండుగకు అన్ని కులాలవారూ కుడకలు, బెల్లం సమర్పించడం కూడా అటువంటివే. మిగిలిన సగం ఏమిటంటే, ఆ నాలుగు రోజులు తాగునీరు, ఆర్టీసీ బస్సులు, వైద్య శిబిరాలు, జంపన్న వాగు దగ్గర ఈతగాళ్లు లేకపోతే అదే భక్తజనం మధ్య ఏమి జరుగుతుందో తెలిసినవారెవరూ ఆ ఏర్పాట్లను అమ్మవార్ల మీద వదిలిపెట్టమనరు. జాతర ముగిశాక అడవిలో మిగిలిన ప్లాస్టిక్‌ను కూడా భక్తులే పారవేశారు, దానిని ఏరినవారు కూలికి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు.

ప్రశ్న: మాది మహిళా పొదుపు సంఘం. ఈ మధ్య ముగ్గురు సభ్యులు అప్పు వాయిదాలు ఆపేశారు. ఇకమీద అప్పు తీసుకునేవాళ్లతో సమ్మక్క మీద ఒట్టు పెట్టించాలని కొందరు పట్టుబడుతున్నారు. సంఘంలో ఇద్దరు క్రైస్తవులు, ఒక ముస్లిం సోదరి ఉన్నారు. ఏమి చేయాలి? (హుస్నాబాద్)

జవాబు: ఒట్టు పెట్టించకండి. వేరే మతం సభ్యులు ఇబ్బంది పడతారన్నది ఒక కారణం మాత్రమే. అందరూ ఒకే మతంవారైనా మేము ఇదే చెబుతాము. ఒట్టు పెట్టిన తర్వాత కూడా వాయిదా కట్టలేకపోయిన మనిషి, డబ్బు లేక కట్టలేదో, ఇష్టం లేక కట్టలేదో సంఘానికి తెలియదు. పైగా ఒట్టు తప్పానన్న భయంతో ఆమె సమావేశానికి రావడమే మానేస్తుంది. అప్పుడు ఆ అప్పు నిజంగానే మునుగుతుంది.

మీకు దగ్గరలోనే ముల్కనూరు సహకార సంఘం ఉంది. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి నాయకత్వంలో 1956లో మొదలైన ఆ సంఘం ఇన్ని దశాబ్దాలుగా నిలబడింది. చుట్టుపక్కల ఎన్ని సహకార సంఘాలు పుట్టి మూతపడ్డాయో మీకు తెలిసే ఉంటుంది; అవి మూతపడింది సభ్యులకు భక్తి లేక కాదు. ముల్కనూరులో సొమ్ము సభ్యులది, ఎన్నుకునేది సభ్యులు, లెక్క చూసేది సభ్యులు. వీలైతే మీలో నలుగురు ఒక రోజు అక్కడికి పోయి, వారి మహిళా డెయిరీ వారితో కూడా మాట్లాడి, వాయిదా తప్పినప్పుడు వాళ్లు ఏమి చేస్తారో అడిగి రండి.

మీ సంఘంలో ఈ నెల నుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రతి సమావేశంలో ఎవరు ఎంత కట్టారు, ఎంత బాకీ ఉంది అన్నది అందరి ముందు పైకి చదివించండి; చదువు రాని సభ్యులు ఉంటే మరీ తప్పనిసరి. అధ్యక్షురాలి బాకీని మొదట చదవండి, చివర కాదు. ఆ ముగ్గురి ఇళ్లకు ఇద్దరేసి పోయి కారణం కనుక్కోండి. ఒకరి ఇంట్లో ఆసుపత్రి ఖర్చు పడి ఉంటే వాయిదాను చిన్నది చేసి గడువు పెంచవచ్చు; డబ్బు ఉండి కట్టనివారుంటే మళ్లీ అప్పు ఇవ్వకూడదని, హామీ ఉన్న సభ్యులే బాధ్యులని తీర్మానం చేయండి. ఆ తీర్మానాన్ని పుస్తకంలో రాసి, ముగ్గురితో సహా అందరి సంతకాలూ, వేలిముద్రలూ తీసుకోండి. సమ్మక్క మీద ఒట్టు కావాలని పట్టుబడుతున్న సోదరీమణులు మొక్కుకుంటామంటే మొక్కుకోనివ్వండి, కొబ్బరికాయ ఖర్చు మాత్రం సంఘం సొమ్ములో రాయవద్దు.